పుస్తకాలు ఎడిట్ చేస్తానంటోంది మా అమ్మాయి. అది ఉద్యోగమేనా?

ప్రశ్న: మేం చెన్నైలో అంబత్తూరులో ఉంటాం. సొంతూరు నెల్లూరు వైపు, ఇక్కడ స్థిరపడి రెండు తరాలైంది. అమ్మాయి బీఏ ఇంగ్లిష్ లిటరేచర్ ఆఖరి సంవత్సరం. తెలుగు కూడా బాగా చదువుతుంది, రాస్తుంది. ఎంబీఏ చెయ్యి, లేకపోతే బ్యాంకు కోచింగ్‌కి వెళ్లు అంటే వినడం లేదు. రచయితల పుస్తకాలు ఎడిట్ చేసిపెట్టే సర్వీసు ఇంట్లోంచే మొదలుపెడతానంటోంది. మాకు తెలిసిన ఐసీఎఫ్ (పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీ) రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన ఇంగ్లిష్‌లో రాసుకున్న నవలని మూడు వేలకి ఒప్పుకుంది. నాలుగు నెలలైనా అది తెమలడం లేదు, ఆయన మారుస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆన్‌లైన్ ఎడిటింగ్ కోర్సుకి లక్షా ఇరవై వేలు కట్టమంటోంది. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. ఈ పని మీద బతకొచ్చా? ఏఐ వచ్చాక అసలు ఈ పని ఉంటుందా?

జవాబు: డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. ఆ లక్షా ఇరవై వేలు కట్టకండి. కోర్సు మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. ఈ రంగంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు సర్టిఫికెట్ కంటే ఎడిటింగ్ టెస్టుకే విలువిస్తారు. తప్పులున్న నాలుగు పేజీలు ఇచ్చి దిద్దమంటారు. ఎన్ని తప్పులు పట్టుకున్నారన్నది ఒక్కటే చూడరు. బాగానే ఉన్న వాక్యాన్ని అనవసరంగా కెలికారా అన్నది కూడా చూస్తారు. చాలామంది పిల్లలకి మార్కులు పోయేది ఈ రెండోదాంట్లోనే. ఇక ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు కాబట్టి, ఏ కంపెనీలో, ఏ పోస్టు, ఇప్పించలేకపోతే ఫీజు వెనక్కి ఇస్తారా అని అడిగి, కాగితం మీద రాసిమ్మనండి. చాలామటుకు సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

ఇది ఉద్యోగమేనా అంటే, ఉద్యోగమే. అందులోనూ మీ ఊళ్లో. బయటికి కనబడదు గానీ, బ్రిటన్, అమెరికా ప్రచురణ సంస్థల పుస్తకాలు, పరిశోధన పత్రికలు కొన్ని దశాబ్దాలుగా చెన్నై, పుదుచ్చేరి, బెంగళూరుల్లో టైప్‌సెట్ అవుతున్నాయి, అంటే అచ్చుకి పేజీలు కట్టేది ఇక్కడే. ఆ పనితోపాటే కాపీఎడిటింగ్ కూడా ఇక్కడికి వచ్చింది. న్యూజెన్, టీఎన్‌క్యూ, స్ట్రైవ్, లూమినా డేటామాటిక్స్ లాంటి కంపెనీల పేర్లు మీ అమ్మాయి వినే ఉంటుంది. లండన్‌లో విడుదలయ్యే పుస్తకానికి కామాలు దిద్దిన మనిషి ఏ గిండీలోనో తరమణిలోనో కూర్చుని ఉండొచ్చు. ఇవి కాక సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లకి సేవలందించే నోషన్ ప్రెస్ చెన్నైలోదే. పిల్లల పుస్తకాల తూలిక కూడా ఇక్కడిదే. బెంగళూరులో ప్రథమ్ బుక్స్ ఉంది.

కాబట్టి అమ్మాయి ఎంచుకున్న రంగంతో నాకు పేచీ లేదు. వరస తప్పింది, అంతే. ఆమె దిద్దినదాన్ని మళ్లీ దిద్దేవాళ్లు ఎవరూ లేకుండా, మొదటి రోజు నుంచే సొంత సర్వీసు పెట్టాలనుకుంటోంది. ఈ పని ఒంటరిగా రాదు. మన మార్పుల మీద ఒక సీనియర్ ఎర్ర అక్షరాలతో 'ఇది ఎందుకు మార్చావు?' అని రాస్తే, దానికి జవాబు చెప్పుకోలేక ఇబ్బందిపడి, ఆ తర్వాత నెమ్మదిగా వస్తుంది. కనీసం రెండేళ్లు అలాంటి చోట జీతానికి చెయ్యమనండి. సర్వీసు ఎక్కడికీ పోదు.

ఐసీఎఫ్ పెద్దాయన నవల ఎందుకు తెమలడం లేదో చూద్దాం. ఎడిటింగ్ అని మనం ఒకే పేరు పెట్టినా అందులో నాలుగు వేరువేరు పనులున్నాయి. మొదటిది స్ట్రక్చరల్ ఎడిటింగ్. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఏ అధ్యాయం అక్కర్లేదు, ఏ పాత్ర మధ్యలో మాయమైపోయింది అని చూడటం. ఇందులో రచయితకి అందేది చాలాసార్లు పేజీల కొద్దీ ఉత్తరమే, దిద్దిన కాపీ కాదు. రెండోది లైన్ ఎడిటింగ్, అంటే వాక్యం నడక, గొంతు, సాగదీత. మూడోది కాపీఎడిటింగ్. వ్యాకరణం, స్పెల్లింగు, పేర్లు, తేదీలు, మొదటి పేజీలో రాసినట్టే ఆఖరి పేజీలోనూ ఉందా అన్నది. ప్రూఫ్‌రీడింగ్ అన్నిటికన్నా చివర, పేజీలు కట్టాక వస్తుంది. ఈ వరస దాటితే చేసిన పని వృథా. గోడలు పడగొట్టాల్సిన ఇంటికి ముందే సున్నం కొట్టినట్టు.

నా అనుమానం, మీ అమ్మాయి నేరుగా కామాల దగ్గర మొదలుపెట్టింది. దిద్దిన పేజీలు ఆయనకి ఇచ్చింది. శుభ్రంగా ఉన్న పేజీలు చూసి ఆయనకి ఉత్సాహం వచ్చి కొత్త సన్నివేశాలు రాశారు. అవి మళ్లీ దిద్దాలి. ఆయన తప్పేం లేదు. ఎప్పటికి ఆపాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

లెక్క చూడండి. ఎడిటర్లు పేజీ అంటే 250 పదాలుగా లెక్కేస్తారు. ఆ నవల 90 వేల పదాలనుకుంటే 360 పేజీలు. జాగ్రత్తగా కాపీఎడిట్ చేస్తే గంటకి ఐదారు పేజీలు నడుస్తాయి. ఆరనే వేసుకున్నా 60 గంటలు. మూడు వేలని 60తో భాగిస్తే గంటకి 50 రూపాయలు. అదీ ఒక్క విడతకి. రెండో విడతకి, మూడో విడతకి పైసా లేదు. ఆమె తక్కువ అడిగిందని కాదు, ఏ పనికి అడుగుతోందో తేల్చుకోలేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఆ పని వదిలేయడం కాదు. ఆయన పెద్దవారు, ఇంటికి తెలిసినవారు, ముఖం చాటేస్తే బాగోదు. 'మావయ్యగారూ, ఇకపై మీరు నవల పూర్తిగా రాసేదాకా నేను దిద్దడం ఆపుతాను. పూర్తయ్యాక ఒక్క విడత, ఫలానా తేదీకి ఇస్తాను. ఆ తర్వాత కొత్తగా చేర్చే పేజీలకి పేజీకింత' అని మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టమనండి. నోటిమాట వద్దు. ఇకముందు ఎవరి పని తీసుకున్నా ముందు ఒక అధ్యాయం శాంపిల్ దిద్ది చూపించాలి, ఎన్ని పదాలు, ఎన్ని విడతలు, ఏ రకం ఎడిటింగ్ అన్నది రాసుకోవాలి, సగం అడ్వాన్సు తీసుకోవాలి. తెలిసినవాళ్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. మనవాళ్లతో డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడి, తర్వాత లోపల్లోపల కుమిలిపోతాం.

ఆయన నవలే ఆమెకి మంచి బడి అవుతుంది, ఒక పని చేస్తే. స్టైల్ షీట్ తయారు చెయ్యమనండి. అంటే పుస్తకంలో వచ్చే ప్రతి పేరు, వయసు, వీధి, తేదీ, స్పెల్లింగు ఒకచోట రాసుకోవడం. మూడో అధ్యాయంలో సుబ్బారావు తొమ్మిదో అధ్యాయానికి సుబ్బారాయుడు అయ్యాడేమో అప్పుడే బయటపడుతుంది. ఉదాహరణకి, కథ 1972 పెరంబూరులో జరుగుతోందనుకుందాం, అందులో ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారని రాశారనుకుందాం. మద్రాసులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1975 ఆగస్టు 15న. అలాగే ఆ రోజుల ఇంగ్లిష్ ఆఫీసు కాగితం మీద 'చెన్నై' అని ఉంటే ఆగాలి, అధికారికంగా ఆ పేరు మారింది 1996లో. ఇలాంటివి చెరిపేసి మార్చకూడదు. పక్కన రచయితకి ప్రశ్నగా రాయాలి. ఆ ప్రశ్న రాసే తీరులోనే ఎడిటర్ తెలిసిపోతుంది. 'తప్పు' అని రాస్తే రచయితకి కోపం వస్తుంది. 'మద్రాసులో టీవీ ప్రసారాలు 1975లో మొదలయ్యాయి. సన్నివేశాన్ని రేడియోకి మార్చమంటారా, కథాకాలాన్ని జరపమంటారా?' అని రాస్తే మళ్లీ ఆమె దగ్గరికే వస్తాడు.

ఉద్యోగం ఎలా ఉంటుందో కూడా ముందే తెలియాలి. కంపెనీలో చేరగానే నవలలు ఇవ్వరు. రసాయన శాస్త్రం వ్యాసాలో, న్యాయశాస్త్రం పాఠ్యపుస్తకాలో ఇస్తారు. రోజుకి ఇన్ని పేజీలని టార్గెట్ ఉంటుంది. కొన్నాళ్లు విసుగొస్తుంది. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన పక్కింటి కుర్రాడితో పోల్చుకుంటే తక్కువే, పోల్చకండి. ఇంటర్వ్యూలో మూడు విషయాలు అడగమనండి: రోజుకి ఎన్ని పేజీలు, దిద్దిన పని మీద ఫీడ్‌బ్యాక్ ఎవరిస్తారు, బాండ్ ఏమైనా ఉందా. ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లు లేని చోట జీతం ఎక్కువిచ్చినా నేనైతే వద్దంటాను. ఉద్యోగంలో అలవాటయ్యే షికాగో మాన్యువల్ (ఇంగ్లిష్ ఎడిటర్లు వాడే నియమాల పుస్తకం) లాంటి శైలి నియమాలు తర్వాత ఏ రచయిత దగ్గరికెళ్లినా పనికొస్తాయి. 1906లో మొదటిసారి వచ్చిన ఆ పుస్తకం 2024లో 18వ కూర్పుకి చేరింది. పాత కూర్పు లైబ్రరీలో దొరికినా చాలు, మొదలుపెట్టొచ్చు.

ఏఐ సంగతి దాచి లాభం లేదు. స్పెల్లింగు, కామాలు, రిఫరెన్సుల వరస లాంటి పనులు సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్తున్నాయి. వ్యాకరణం ఒక్కటే తెలిసినవాళ్లకి ఇది గడ్డుకాలమే. మొదటి మెట్టు ఉద్యోగాలు తగ్గే అవకాశం కూడా ఉంది, టెన్షన్ పడటానికి మీకు కారణం ఉంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ రచయిత గొంతుని చదును చేసేస్తుంది. పెరంబూరు రైల్వే క్వార్టర్సులో పెరిగిన మనిషి ఇంగ్లిష్‌ని ఏదో ప్రెస్ నోట్ ఇంగ్లిష్ చేసిపెడుతుంది. ఏది తప్పు, ఏది ఆయన తీరు అని చెప్పగలిగినవాళ్లకి పని ఉంటుంది. ఇంకోటి, అచ్చుకాని రచనని రచయిత అనుమతి లేకుండా ఏ ఏఐ టూల్‌లోనూ పెట్టకూడదు. ఆ నవల ఆయన సొత్తు. ఈ మాట మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

మీరు ఒక్క మాటలో దాటేసిన విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది: ఆమెకి తెలుగు బాగా వచ్చు. తెలుగు ప్రచురణలో రచయితకీ ప్రెస్సుకీ మధ్య చాలాసార్లు ప్రూఫులు దిద్దే మనిషి ఒక్కరే ఉంటారు. కథని ఎడిట్ చేసేవాళ్లు తక్కువ. అలాగని ఆ సంప్రదాయం మనకి లేదనుకోవద్దు, ఈ ఊళ్లోనే ఉండేది. వావిళ్లవారి ముద్రణాలయం 1854లో ఇక్కడే మొదలైంది, వాళ్ల ప్రతుల వెనక పండితుల పరిష్కారం, అంటే పాఠాన్ని సరిచూసి దిద్దే పని, ఉండేది. 'చందమామ'కి కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా పనిచేశారు. సంపాదకుడిగా పేరు పడింది చక్రపాణిది. ఎవరు రాసి పంపిన కథైనా ఒకే తేట తెలుగులో చదివించేలా తిరగరాసింది కుటుంబరావు.

తెలుగు ఎడిటింగ్ ఒక్కదాని మీదే చెన్నైలో ఇల్లు గడుస్తుందని నేను చెప్పను. కానీ ఇంగ్లిష్ ఉద్యోగం చేస్తూ పక్కన తెలుగు పెంచుకుంటే, రెండూ వచ్చినవాళ్లు దొరకడం కష్టం కాబట్టి విలువ ఉంటుంది. తూలిక ఒకే పుస్తకాన్ని తెలుగుతో సహా అనేక భాషల్లో వేస్తుంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో వేల కథలు ఉచితంగా ఉన్నాయి. ఒక కథని ఇంగ్లిష్‌లో, తెలుగులో పక్కపక్కన పెట్టుకుని, తెలుగులో ఎక్కడ తడబడుతోందో గుర్తుపెట్టి, తనైతే ఎలా రాస్తుందో రాసుకోవడం కంటే మంచి సాధన నాకు తెలియదు, ఖర్చూ లేదు. అను ఫాంట్లలో (పాత తెలుగు డీటీపీ ఫాంట్లు) ఉన్న పాత ఫైళ్లని, ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతుంటాయి. అవి సరిచెయ్యడం నేర్చుకుంటే ప్రచురణకర్తలు వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

కోర్సే కావాలంటే, ఇగ్నోలో పుస్తక ప్రచురణ మీద పీజీ డిప్లొమా ఉంది. అడ్మిషన్ల వివరాలు చూసుకోండి. కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీలోనూ, సీగల్ బుక్స్ ప్రచురణ సంస్థ వాళ్ల స్కూల్‌లోనూ నేర్పుతారు. బ్రిటన్‌లోని ఎడిటర్ల, ప్రూఫ్‌రీడర్ల సంస్థ సీఐఈపీ ఆన్‌లైన్‌లో చిన్న చిన్న కోర్సులు నడుపుతుంది. సైన్సు వ్యాసాల వైపు వెళ్తే, జీవశాస్త్రాల ఎడిటర్లకి బెల్స్ అనే పరీక్ష ఉంది, అది కొంత అనుభవం వచ్చాక రాసేది. ఇవేవీ ఈ ఏడాది అవసరం లేదు.

రెండు మూడేళ్ల తర్వాత సర్వీసు పెడితే, ఒక రకం పని మాత్రం ఒప్పుకోవద్దనండి. 'థీసిస్ దిద్దిపెట్టండి' అని వచ్చి మొత్తం రాయించుకునేవాళ్లు ఉంటారు. డబ్బు బాగానే ఇస్తారు. భాష దిద్దడం వరకు, అదీ గైడుకి తెలిసి, తప్పు లేదు. రాసివ్వడం వేరు, అది మోసం. ఫ్రీలాన్స్ ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆ దిగులు ఇప్పుడు వద్దు. కంపెనీలు టీడీఎస్ కోసుకుంటే రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు.

డిగ్రీ అయ్యేలోపు నాలుగైదు కంపెనీల టెస్టులు రాయమనండి. రెజ్యూమెలో పెద్దాయన నవలని 'కాపీఎడిటింగ్, ఇన్ని వేల పదాలు' అని సరైన లెక్కతో రాయొచ్చు, ఆయన ఒప్పుకుంటేనే. టెస్టు పోతే, దిద్దిన కాపీ చూపించమని మర్యాదగా అడగమనండి. అందరూ చూపించరు. చూపించినవాళ్ల దగ్గర ఏం తప్పిందో రాసుకుని, ఆ తర్వాతి టెస్టుకి వెళ్లమనండి.