అందరు నవ్విండ్రట, మాకే నవ్వు రాలే

సినిమా ముచ్చట: పాఠకుల ప్రశ్నలకు క్యాసెట్లన్న జవాబులు

ప్రశ్న: అన్నా, నేను హన్మకొండల డిగ్రీ చదువుతున్న. రూమ్‌ల నలుగురం ఉంటం. 2004ల వచ్చిన ‘నెపోలియన్ డైనమైట్’ అనే అమెరికా సినిమా మీద ఈ మధ్య ఫోన్ల రీల్స్ మీద రీల్స్ వస్తున్నయి. హైస్కూల్ పోరగాళ్ల మీద ఇంతకన్న మంచి కామెడీ లేదు, పొట్ట చెక్కలైతది అని ఒకటే పొగుడుడు. శనివారం రాత్రి మిర్చీలు తెచ్చుకొని మరీ కూసున్నం. గంటన్నర సినిమాల ఆఖరు డాన్స్ కాడ తప్ప ఎవ్వలు నవ్వలే. ఒకడైతే గురక పెట్టిండు. అసలు కథే లేదు గదా! మా ఇంగ్లిష్ చాలక అర్థం గాలేదా, లేకుంటే ఉత్త డబ్బానేనా?
– ఆర్., పరకాల

జవాబు: ఇంగ్లిష్ మీద అనుమానం పెట్టుకోకు తమ్మీ. ఆ సినిమాల మాటలే తక్కువ. ఉన్నయి గూడ బడి పోరడు మూతి ముడుచుకొని గొణిగేటియే. చికాగోల రోజర్ ఈబర్ట్ అని పెద్ద విమర్శకుడు ఉండె, సినిమా సమీక్షలకు పులిట్జర్ బహుమతి తెచ్చుకున్న మనిషి. ఆయన దీనికి నాలుగింటికి ఒకటిన్నర చుక్కలే ఇచ్చిండు. ఆయనకు ఇంగ్లిష్ రాదంటమా?

మరి ఇంత పేరు ఎట్లొచ్చింది? దర్శకుడు జారెడ్ హెస్ ఐడహో రాష్ట్రంల ప్రెస్టన్ అనే చిన్న ఊర్ల చదువుకున్నడు. భార్య జెరూషాతోని కలిసి కథ రాసుకొని ఆ ఊర్లనే తీసిండు. ఖర్చు 4 లక్షల డాలర్లు. హీరో జాన్ హెడర్‌కు మొదలు ముట్టజెప్పింది 1,000 డాలర్లు. వాళ్ల లెక్కల అది ఉత్త చిల్లర. 2004 జనవరిల సండాన్స్ చిత్రోత్సవంల చూపిస్తే ఫాక్స్ సర్చ్‌లైట్ అనే సినిమా కంపెనీ కొనుక్కున్నది. ఒక్క అమెరికా థియేటర్లల్లనే 4 కోట్ల డాలర్లు దాటింది.

సండాన్స్‌ల చూసినోళ్లకు హీరో ఎవలో తెల్వది, డైరెక్టర్ ఎవలో తెల్వది. ఏమీ అనుకోకుండ పోయి కూసున్నరు, నవ్వు దొరికింది. ఆ తర్వాత అమెరికా పోరగాళ్లు ఆ డైలాగులు బళ్లల్ల, బస్సులల్ల ఒకరికొకరు అప్పజెప్పుకున్నరు. సినిమాల హీరో దోస్తు పెడ్రో బడి ఎలక్షన్ల నిలబడతడు గద, ‘పెడ్రోకు ఓటెయ్యి’ అన్న టీషర్టులు ఏసుకొని తిరిగిండ్రు. సగం నవ్వు సినిమాల గాదు, చూసొచ్చినోళ్ల నోట్లనే పుట్టింది. మీరు కూసునే యాళ్లకు మంచి ముక్కలన్ని రీల్స్‌ల తినేసిండ్రు. మిగిలింది అసలు సినిమా. అదేమో నిమ్మళంగ నడిచే సినిమా.

మొదట్ల బస్సు సీను యాది చేసుకో. నెపోలియన్ ఎనుక సీట్ల కూసుంటడు. ఒక చిన్న బొమ్మకు దారం కట్టి కిటికీలకెళ్లి రోడ్డు మీద ఇడుస్తడు. బస్సు పోతుంటది, ఆ బొమ్మ ఎనుక ఈడ్చుకుంట వస్తుంటది, వాడు దాన్ని చూసుకుంట కూసుంటడు. అంతే. ఆ పని ఎందుకు చేసిండో చెప్పరు, పక్కపొంటి నవ్వే దోస్తు లేడు, ఇక్కడ నవ్వుండ్రి అని డప్పు కొట్టే మ్యూజిక్ లేదు. మనకేమో కామెడీ అంటే బ్రహ్మానందం మొఖం మీద కెమెరా ఆగాలె, ఎనుక ఒక సౌండ్ రావాలె. ఆ బొమ్మ కాడ మీ రూమ్‌ల ఒకడు ‘ఇగ షురూ జెయ్యరాదుర’ అని ఉంటడు. ఇంకో ఇంట్ల ఇంకొకడు అదే బొమ్మను చూసి కిందపడి నవ్వుతడు.

ఇది నేను ఊకె అంటలేను. 2006ల నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది. అప్పట్ల అది డీవీడీలు పోస్టుల పంపే కంపెనీ. ఏ గిరాకికి ఏ సినిమా నచ్చుతదో చెప్పే వాళ్ల లెక్కను 10 శాతం మెరుగు చేస్తే 10 లక్షల డాలర్లు ఇస్తమన్నరు. 10 కోట్ల రేటింగులు ముందల పోసిండ్రు. ఎక్కడెక్కడి లెక్కల పండితులో ఏండ్లకేండ్లు కుస్తీ పట్టిండ్రు. వాళ్లను మస్తు సతాయించిన సినిమా ఏదనుకున్నవు? ఇదే. అన్ని సినిమాలల్ల ఒకే రుచి ఉన్న ఇద్దరిని తీసుకుంటే, దీని కాడికొచ్చేసరికి ఒకడు 5 ఇస్తడు, ఇంకొకడు 1 ఇస్తడు. ఒక పోటీదారుని లెక్కల ఇంకా మిగిలిన తప్పులల్ల 15 శాతం ఈ ఒక్క సినిమాదేనట! 2009ల ఒక జట్టు బహుమతైతే గెలిచింది గని, ఈ సినిమా ఎవలికి నచ్చుతదో చెప్పుడు మాత్రం అంత అల్కగ తేలలే. గసొంటి సినిమాను ‘అందరికి నచ్చుతది’ అని రీల్ చేసినోని ధైర్యానికి దండం పెట్టాలె.

హన్మకొండల నా క్యాసెట్ల దుకాణం నడిచిన కాలంల నాకు కంప్యూటర్ లేదు. రివైండ్ చెయ్యకుంట తెచ్చిన క్యాసెట్టే నా లెక్క. క్యాసెట్ మీదున్న చిన్న కిటికీలకెళ్లి చూస్తే ఎడమ చక్రం మీద రీలు ఇంకా లావుగ ఉన్నదంటే మొదటి పావుల్నే లేచిపోయిండ్రన్నట్టు. మొఖం మీద ‘బాగుందన్నా’ అని పోయేటోళ్లు, రీలు మాత్రం నిజం చెప్పేది. ఏడుపు సినిమా ఎవలికిచ్చినా ఆఖరుదాక పోయేది. నవ్వు సినిమాను మటుకు మనిషిని చూసి ఇయ్యాలె. ‘మస్తు నవ్వస్తది’ అని చెప్పి ఇస్తే తెల్లారి తకరారు తప్పదు. అందుకే ఏం చెప్పకుంట సంచిల ఏసి పంపేది.

ఇగ నా మాట అడిగితే, డబ్బా గాదు, మీకు చెప్పినంత గొప్పది గూడ గాదు. నాకు నచ్చనిది ఒకటున్నది. దర్శకుడు మనుషులను తెచ్చి కెమెరా ముందల నిటారుగ నిలబెట్టి, వాళ్ల బట్టలను, జుట్టును, బక్క చేతులను మనం తీరుబడిగ చూసేటట్టు చేస్తడు. సగం సినిమాల ఊరోళ్లను చూసి నవ్వుతున్నమా, ఊరోళ్లతోని నవ్వుతున్నమా సమజ్ గాదు. దర్శకునిది ఆ ఊరే గద అంటే నిజమే, గని ఊరు ఇడిచిపోయినోడు గూడ ఊరిని ఎక్కిరిస్తడు. మీరు డాన్స్ కాడ ఎందుకు నవ్విండ్రో చూడు. దోస్తు పెడ్రో బడి ఎలక్షన్ల నిలబడ్డడు, ఓడిపోయేటట్టున్నడు. నెపోలియన్ ఎవ్వలికి చెప్పకుంట ఒక్కడే స్టేజీ ఎక్కి ఎగురుతడు. ఆ కొద్ది నిమిషాలు సినిమా వాని దిక్కు నిలబడ్డది. మీకు నవ్వొచ్చింది. గురక పెట్టినోన్ని లేపి ఆ ముక్క ఒక్కటి చూపియ్యి, మిగిలింది వద్దు.

పోరగాళ్ల నవ్వులాట మన దిక్కుదే కావాల్నంటే 2021ల ఆహాల వచ్చిన ‘మెయిల్’ చూడుండ్రి. మన మహబూబాబాద్ దిక్కు కంబాలపల్లి కథ. కంప్యూటర్ కొత్తగ ఊరికొచ్చిన దినాలు, లాటరీ తగిలిందని మెయిల్ వస్తే నమ్మే పోరడు. చెప్పులు బయట ఇడిచి, మౌస్‌ను భయంభయంగ పట్టుకున్నోళ్లకు అది ఊకె నవ్వొస్తది. ఐడహో పిలగానికి సబ్‌టైటిల్స్ ఏసి చూపిస్తే ‘ఇందుల నవ్వేదేమున్నది?’ అంటడు. వాన్ని నేనేం తప్పు పట్ట.

ప్రశ్న: నమస్తే అన్నా. ఇదే సినిమా మా ఇంటర్ బాబు చూస్త అంటున్నడు. ఇంట్ల అందరం కూసొని చూసేటట్టేనా?
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: చూడొచ్చు చెల్లె. ఇప్పుడొచ్చే వెబ్ సిరీస్‌లల్ల తీరు పెద్దగ బూతులు లేవు. హెస్ దంపతులు ఇంటిల్లిపాది చూసేటట్టే తీసిండ్రు. బాబుకు బోర్ కొడితే రానంటడు, అంతకన్న నష్టం లేదు.

ప్రశ్న: అన్నా, మా బావమరిది ఫోన్ల రేటింగ్ చూపిచ్చి, చిన్న సినిమా గని బాంబ్ లెక్క ఉన్నది అంటే కుటుంబం మొత్తం పోయినం. టికెట్లు, పాప్‌కార్న్ కలిపి జేబు ఖాళీ. మా ఆవిడ ఇంటర్వెల్‌కే పోదామన్నది. ఇగ రేటింగ్‌లు నమ్మాల్నా వద్దా?
– ఎస్., నర్సంపేట

జవాబు: సగటు అంకెను నమ్మకుండ్రి అన్నా. ఐదింటికి మూడు అంటే రెండు తీర్లుగ ఉంటది. వచ్చినోళ్లంత మూడే ఇచ్చినా మూడే, సగం మంది ఐదు, సగం మంది ఒకటి ఇచ్చినా మూడే. మొదటిది టీవీల వచ్చినప్పుడు చూసే సినిమా. రెండోది మనిషిని బట్టి. అసొంటిదానికి కుటుంబం మొత్తాన్ని తోలుకపోవద్దు, ఒక్కరు పోయి చూసి రావాలె. కొత్తోళ్లతోని తీసిన కామెడీలకు ఈ రెండో తీరే ఎక్కువ. ఐదులు ఎన్ని, ఒకట్లు ఎన్ని అన్నది కింద గీతలేసి చూపిస్తరు, అది చూడుండ్రి. ఒకటి ఇచ్చినోళ్లు రాసినయి ముందు చదవండ్రి. ‘కథ లేదు, స్లోగ ఉన్నది’ అని తిడుతున్నరా, ‘పాటలు లేవు, ఫైట్లు లేవు’ అని తిడుతున్నరా? రెండోదైతే మీకు నచ్చొచ్చు. విడుదలకు ముందు రాత్రి ప్రీమియర్ చూసొచ్చి థియేటర్ బయటనే అరిచేటోళ్ల వీడియోలైతే అసలే చూడకుండ్రి, సోమవారం దాక ఆగుండ్రి.

ఇగ ఆ పైసలంటరా, బావమరిది దగ్గరనే వసూలు చేసుకోండ్రి. చెప్పింది ఆయనే గద.