నా ఓటు ఎవరో వేసేశారు, ఇప్పుడెలా?

ప్రశ్న: పోలింగ్ కేంద్రానికి వెళ్తే ‘మీ ఓటు పడిపోయింది’ అన్నారు. వెనక్కి వచ్చేయడమేనా? నోటాకే (‘పై అభ్యర్థులెవరూ వద్దు’ అనే మీటకే) ఎక్కువ ఓట్లొస్తే ఏమవుతుంది?

జవాబు: వెనక్కి రాకండి, అది మీ హక్కు. నేరుగా ప్రిసైడింగ్ అధికారిని (పోలింగ్ కేంద్రం బాధ్యుడిని) కలిసి టెండర్ ఓటు అడగండి. గుర్తింపు కార్డు చూసి, ఒకటి రెండు ప్రశ్నలు వేసి, మీరే అసలు ఓటరని నమ్మకం కుదిరితే ఫారం 17బిలో సంతకం చేయించుకుని కాగితపు బ్యాలెట్ ఇస్తారు. బాణం గుర్తు ముద్రను మీకు నచ్చిన అభ్యర్థి పేరుకు ఎదురుగా వేసి, మడిచి ఇస్తే విడిగా కవర్లో పెడతారు. ఈవీఎం మీట మాత్రం నొక్కనివ్వరు. ఆ పేరు మీద ఓటు ఒకసారి నమోదైంది కదా, మళ్లీ నొక్కితే లెక్క తేడా వస్తుంది.

టెండర్ ఓట్లను మామూలు లెక్కింపులో కలపరు. ఎన్నికపై హైకోర్టులో పిటిషన్ పడి, కోర్టు ఆదేశిస్తేనే తెరుస్తారు. అయినా వేసి తీరాలి. 2008 అసెంబ్లీ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సి.పి.జోషి ఓడింది ఒకే ఒక్క ఓటుతో! జాబితాలో పేరే లేనివారికి మాత్రం ఈ అవకాశం లేదు. ఉందంటూ తిరిగే వాట్సాప్ సందేశాలను నమ్మకండి.

నోటా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. దానికెన్ని ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. ఆ లెక్కలోకీ నోటా రాదు.