పెళ్లికి ముందు ఆ ఆపరేషన్ గురించి

చిట్టీ,

నీ మెసేజ్ చదివాను. మీ అమ్మకు చెప్పలేక నాకు చెప్పావు, అది మన ఇద్దరి మధ్యే ఉంటుంది. లేబియాప్లాస్టీ, అంటే యోని ద్వారం దగ్గరి లోపలి మడతల్ని కోసి చిన్నవి చేసే ఆపరేషన్, వద్దని హుకుం వెయ్యడానికి కాదు ఈ ఉత్తరం. గైనకాలజిస్టుగా పనిచేసిన పెద్దమ్మగా ఒక్కటి అడుగుతాను: ఈ బాధ నీకు ఎప్పుడు మొదలైంది?

జవాబు నీ మెసేజ్‌లోనే ఉంది. నొప్పి లేదు, జీన్స్ వేసుకున్నా ఒరుసుకోవడం లేదు అన్నావు. ప్రీ బ్రైడల్ వాక్సింగ్‌కి వెళ్తే పార్లర్ అమ్మాయి "ఇక్కడ నల్లగా ఉంది మేడమ్, మడతలు కూడా బయటికి ఉన్నాయి" అంది. ఆ రాత్రి ఫోన్లో వెతికావు, అప్పట్నుంచి నీకు క్లినిక్‌ల రీల్సే వస్తున్నాయి. ఒంటికి లేని ఇబ్బందిని ఒక మాట పుట్టించింది, ఫోన్ పెంచింది.

లోపలి మడతలు అందరికీ ఒకేలా ఉండవు. 2005లో లండన్ డాక్టర్లు 50 మంది మామూలు ఆడవాళ్లను కొలిచి చూస్తే, వాటి వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంది. ఎడమది ఒక సైజు, కుడిది ఒక సైజు ఉండటమూ మామూలే. యుక్తవయసులో హార్మోన్ల వల్ల అక్కడ రంగు ముదురుతుంది. ఎక్కువమందితో తిరిగితేనే అలా అవుతుందని నీ ఫ్రెండ్ అన్న మాట పచ్చి అబద్ధం. అయినా ఆ భయం అమ్ముడుపోతుంది. 2012లో మన దేశంలో ఆ భాగాన్ని తెల్లగా చేస్తుందని ఒక వాష్‌కి టీవీ ప్రకటనే వచ్చింది. పార్లర్‌లో ఇచ్చిన క్రీమ్ మాత్రం వాడకు. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, అక్కడి చర్మం చాలా పల్చన.

మరి నువ్వు పోల్చుకుంటున్నది ఎవరితో? మా తరంలో ఎవరూ ఎవరినీ చూసింది లేదు, ఈ బెంగా లేదు. ఇప్పుడు చూస్తున్నవి పోర్న్ వీడియోలు, దిద్దిన ఫోటోలు. ఆస్ట్రేలియాలో అక్కడి సెన్సార్ నిబంధనల కోసం పత్రికలు లోపలి మడతల్ని ఫోటోల్లోంచి చెరిపేసేవి. అలా చెరిపిన బొమ్మల్ని చూసి తమ ఒంట్లో లోపముందని అనుకున్న ఆడపిల్లల్ని తలచుకుంటే నాకు కోపమొస్తుంది.

ఇక ఆపరేషన్ సంగతి. నడిస్తే ఒరుసుకుని పుండ్లు పడేవాళ్లకు, కాన్పులో చిరిగినవాళ్లకు అది నిజంగా మేలు చేస్తుంది. కానీ అక్కడ నరాలు చాలా ఉంటాయి. ఇన్ఫెక్షన్, మచ్చ కట్టడం, స్పర్శ తగ్గడం, కలయికలో నొప్పి వంటివి రావచ్చు. ఎక్కువ కోసేస్తే తిరిగి పెట్టలేరు. మానడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీ ముహూర్తం మాఘంలో. పెళ్లి టెన్షన్‌లో కుట్లతో తిరగడమెందుకు?

నువ్వు చెప్పిన క్లినిక్ ఈ ఆపరేషన్‌తో పాటు ప్యాకేజీలో కలిపిన మిగతా రెండింటికీ మాత్రం గట్టిగా వద్దంటాను. యోని బిగుతు కోసం లేజర్ అంటున్నారు కదా, అలాంటివాటికి తమ అనుమతి లేదని, కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి వస్తున్నాయని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. రెండోది హైమనోప్లాస్టీ, అంటే కన్నెపొరను మళ్లీ కుట్టే ఆపరేషన్. మొదటి రాత్రి రక్తం అందరికీ రాదు, కన్యత్వాన్ని తేల్చే పరీక్షే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బ్రిటన్‌లో 2022 నుంచి ఆ ఆపరేషన్ చెయ్యడమే నేరం. అబ్బాయిగానీ వాళ్లింట్లో వాళ్లుగానీ అలాంటిదేమైనా అడిగితే, క్లినిక్‌కి కాదు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇంత చదివాక కూడా డాక్టర్‌ని కలవాలనిపిస్తే కలువు. ఆ ప్యాకేజీ అమ్మే చోటికి కాకుండా, మామూలు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లు. "నాది మామూలుగానే ఉందా?" అని ముందు అడుగు. ఆపరేషన్ చెయ్యకపోతే ఏమవుతుందో కూడా అడుగు. పెళ్లయ్యాక ఆర్నెల్లు ఆగి మళ్లీ ఆలోచిస్తానని చెప్పు. ఈ రోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అంటే మాత్రం లేచి వచ్చెయ్యి.

మీ పెద్దమ్మ