టెక్ సందేహాలు: కామా కోట్స్ లోపలా, బయటా?

ప్రశ్న: ఆఫీసులో మీటింగ్ నోట్స్, విచారణ రిపోర్టులు ఇంగ్లిష్‌లో రాస్తుంటాను. ఎవరైనా అన్న మాటను కోట్స్‌లో పెడితే చాలు, వర్డ్ గీత గీసి ఫుల్‌స్టాప్‌ను లోపలికి జరపమంటుంది. మా మేనేజర్ బయటే ఉండాలంటారు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇద్దరిదీ తప్పు కాదు. అమెరికా పద్ధతిలో కామా, ఫుల్‌స్టాప్ ఎప్పుడూ కోట్స్ లోపలే ఉంటాయి. బ్రిటిష్ పద్ధతిలో అవి అన్న మాటలో భాగమైతేనే లోపల, లేకపోతే బయట. ఒకటి రెండు పదాలనే కోట్ చేసినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. హి కాల్డ్ ఇట్ “అర్జెంట్”. ఇది బ్రిటిష్ పద్ధతి. అమెరికాలో అదే చుక్క అర్జెంట్ పక్కనే, లోపల పడుతుంది. షి సెడ్, “ఐ విల్ కమ్ టుమారో.” ఇలా పూర్తి వాక్యమైతే రెండు చోట్లా ఒకటే.

ముందు వర్డ్‌కు మీ భాష చెప్పండి. కంట్రోల్ ఎ నొక్కి, రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌లో ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. అప్పటికీ గీత పోకపోతే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లో రైటింగ్ స్టైల్ పక్కన ఉన్న సెట్టింగ్స్ తెరవండి. కోట్స్‌తో వచ్చే విరామ చిహ్నాలు లోపలా, బయటా, అసలు చూడొద్దా అన్నది అక్కడ మీరే ఎంచుకోవచ్చు.

అదే మాటను మీ మాటల్లో చెబితే కోట్స్ తీసేయాలి: షి సెడ్ షి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే. ప్రశ్న అయితే చివర క్వశ్చన్ మార్క్ కూడా ఉండదు: హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్. ఇక్కడ ‘వేర్ వజ్ ఐ’ అని రాయడం మనవాళ్లలో బాగా కనిపించే తప్పు. ‘హి టోల్డ్ దట్’ కూడా అంతే, టోల్డ్ తర్వాత ఎవరికి చెప్పాడో రావాలి.

మీరు విచారణ రిపోర్టులు రాస్తారు కాబట్టి ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. కోట్స్ లోపల వచ్చే సవరణ సూచనలను ఒప్పుకోకండి. అవి అవతలి వ్యక్తి మాటలు. వ్యాకరణం తప్పుగా మాట్లాడినా అలాగే ఉండాలి. ‘ఐ డిడ్ నాట్ సా హిమ్’ అని ఆయన అంటే, సాఫ్ట్‌వేర్ ‘సీ’గా మార్చమంటుంది. ఈ ఒక్కచోట అర్థం మారకపోవచ్చు. కానీ కాలం, వ్యక్తి మారిపోయే చోట ఎవరు ఏం చేశారన్నదే తలకిందులవుతుంది. ఒకరి ఉద్యోగం ఆ వాక్యం మీద ఆధారపడి ఉండొచ్చు. ఇగ్నోర్ నొక్కి ముందుకు వెళ్లండి. మాట మార్చక తప్పదనిపిస్తే కోట్స్ తీసి మీ వాక్యంగా రాయండి.

ప్రశ్న: కోడ్‌ను వర్డ్‌లో దాచుకుని, కాపీ చేసి రన్ చేస్తే ఎర్రర్ వస్తోంది. ఎందుకు?
– ఓ విద్యార్థి, విజయవాడ

జవాబు: మీరు నిటారు కోట్ టైప్ చేస్తే వర్డ్ దాన్ని వంపు తిరిగిన కోట్‌గా మార్చేస్తుంది. కంటికి ఒకేలా ఉన్నా, కంప్యూటర్‌కు నిటారుది 34వ నంబర్ అక్షరం, వంపువి 8220, 8221. ప్రోగ్రామింగ్ భాషలు సాధారణంగా నిటారుదాన్నే గుర్తిస్తాయి. కోడ్‌ను నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి. వర్డ్‌లోనే కావాలంటే కోట్ టైప్ చేసిన వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కితే నిటారుగా మారుతుంది. గూగుల్ డాక్స్‌లో టూల్స్, ప్రిఫరెన్సెస్‌లో స్మార్ట్ కోట్స్ టిక్ తీసేయండి.