నిదానంగా వాయించు, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. గిటార్ బాగుంది, శబ్దాన్ని గరుకుగా మార్చే ఫజ్ పెడల్ బాగుంది. తొందరే బాగాలేదు. ఎలక్ట్రిక్ విజర్డ్ బ్యాండ్ లాగా వాయించాలని ఉందన్నావు కదా, ఇన్నేళ్లలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఈ మోత ఎక్కడ పుట్టిందో తెలుసుకో. బర్మింగ్‌హామ్‌లో ఒక రేకుల ఫ్యాక్టరీలో తర్వాత బ్లాక్ సబ్బాత్ బ్యాండ్‌లో గిటార్ వాయించిన టోనీ అయోమి కుడిచేతి రెండు వేళ్ల కొనలు మెషిన్‌లో పడి తెగిపోయాయి. అప్పటికి పదిహేడేళ్లు. ఆ ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971లో బ్లాక్ సబ్బాత్ మూడో ఆల్బమ్ వచ్చేసరికి తీగల్ని ఒకటిన్నర టోన్ దించేశాడు. డూమ్, అంటే ఈ నిదానమైన బరువైన మెటల్, వాయించేవాళ్లందరూ ఆ దించిన తీగల దారిలో నడిచినవాళ్లే.

ఎలక్ట్రిక్ విజర్డ్ అన్న పేరు కూడా రెండు సబ్బాత్ పాటల పేర్లు కలిపి పెట్టుకున్నదే. 1993లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో మొదలైంది. 2000లో వచ్చిన 'డోప్‌త్రోన్' ఆల్బమ్ వాయించింది ముగ్గురే: జస్ ఓబార్న్, టిమ్ బాగ్‌షా, మార్క్ గ్రీనింగ్.

అందులో 'ఫ్యూనరలోపొలిస్' ఒక్కటీ వారం రోజులు విను. మొదట ఫజ్ లేకుండా, తీరిగ్గా ఒక రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరాల వరుస. తర్వాత అదే రిఫ్ మీద మోత విరుచుకుపడుతుంది. స్వరాలు మారలేదు, బరువు మారింది. తిరిగి తిరిగి అదే వస్తుంటే కాలం సాగినట్టు అనిపిస్తుంది. భజనలో ఒకే చరణం యాభైసార్లు పాడితే ఏమవుతుందో నీకు తెలుసు. సైకెడెలిక్ సంగీతం, అంటే మనసును మత్తులో తేల్చేది, అంటున్నది దాన్నే. వాళ్ల పాటల్లో గంజాయి మాట చాలా ఉంటుంది. దాని జోలికి నువ్వు వెళ్లకు, ఆ రిఫ్ తిరగడంలోనే కావలసినంత మత్తుంది.

ఇక నీ పని. నిండు కార్డ్‌లు, అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మీటడం, మానెయ్. అంత ఫజ్‌లో గాంధారం కలిస్తే బురదే. పవర్ కార్డ్ చాలు, అంటే షడ్జమం, పంచమం. మీ అమ్మమ్మ తంబురాలో విన్నావే, అవే. మీటాక చెయ్యి ఆపి, ఆ నాదం ఆరిపోయేదాకా విను. నీ రికార్డింగ్‌లో ఒక్క స్వరాన్నీ పూర్తిగా బతకనివ్వలేదు. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 55 దెబ్బలకి పెట్టుకో. వేగంలో తప్పులు దాక్కుంటాయి, ఇక్కడ ఒక్కటీ దాగదు. మీ డ్రమ్మర్‌కి కూడా ఇదే చెప్పు, అసలు కష్టమంతా అతనిదే.

అయోమికి సన్నటి తీగలు వేళ్ల కోసం. నీకు ఆ అవసరం లేదు. తీగల్ని సి స్వరం దాకా దించితే సన్నటి 10 సెట్ వదులైపోయి శ్రుతి నిలవదు, లావుపాటి 12 సెట్ వేసుకో. గిటార్ మెడ సరిచేయించడం మర్చిపోకు.

చెవులకు ఇయర్ ప్లగ్స్ లేకుండా ప్రాక్టీస్‌కి వెళ్లొద్దు. నా ఎడమ చెవిలో హోరు పన్నెండేళ్లుగా ఆగలేదు. రాత్రి నిద్రపోవాలంటే ఫ్యాన్ చప్పుడు కావాలి నాకు.

ఆదివారం గిటార్ తీసుకుని రా. తీగలు నేనే మారుస్తాను.

నీ మామయ్య