ఈసీహెచ్‌ఎల్ విజేతల పట్టికలో మొదటి 15 సీజన్లు ఎందుకు రావట్లేదంటే

మీ పట్టిక 2003 నుంచే మొదలవుతోందన్నారు కదండీ, చిక్కంతా పేరు దగ్గరే. అమెరికాలోని ఈ ఐస్ హాకీ లీగ్ 1988లోనే 5 జట్లతో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్‌గా మొదలైంది. 2003లో వెస్ట్ కోస్ట్ లీగ్ జట్లు వచ్చి కలిశాక పొడి అక్షరాలనే పేరుగా ఉంచేసుకున్నారు. లీగ్ మాత్రం అదే. అందుకని రెండు పేర్లతోనూ వెతికి, 1989 విజేత కరోలినా థండర్‌బర్డ్స్‌తో మొదలుపెట్టండి.

కప్పుకు వేరే గడి కావాలి: 1996 దాకా రైలీ కప్, 1997 నుంచి కెల్లీ కప్. వెస్ట్ కోస్ట్ వాళ్ల టేలర్ కప్ విజేతల్ని ఇందులో కలిపారో, ఒకే ఏడాదికి ఇద్దరు ఛాంపియన్లు తేలతారు! 2014లో వచ్చి చేరిన సెంట్రల్ లీగ్ జట్ల పాత టైటిళ్లూ అంతే, బయటే ఉంచండి.

జాన్స్‌టౌన్ చీఫ్స్ 2010లో గ్రీన్‌విల్‌కు మారింది; పాత వరుసల్లో ఊరి పేరు మార్చకండి.