క్లాసుకీ, కరెంటు కోతకీ బోయింక్‌ను ఎలా ఆపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గుంటూరులో ఇంటి కంప్యూటర్‌లో బోయింక్ (BOINC: మన కంప్యూటర్ ఖాళీ సమయంలో శాస్త్రవేత్తల లెక్కలు చేసిపెట్టే ఉచిత ప్రోగ్రాం) నడుపుతున్నారు. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసప్పుడూ, కరెంటు పోయినప్పుడూ ఆపాలి. ఆపితే చేసిన లెక్క పోతుందా, ఒక్కోసారి మళ్ళీ ఎందుకు కదలదు అని.

మాది విజయవాడ సత్యనారాయణపురం. గ్రహాంతర జీవుల సంకేతాల కోసం వెతికిన సెటి ఎట్ హోమ్ ప్రాజెక్టు రోజుల నుంచీ ఇది నడుపుతున్నాను. 2020 మార్చి చివర అది కొత్త పని పంపడం మానేశాక పల్సార్లనే, అంటే గిర్రున తిరిగే ఒక రకం నక్షత్రాలను, వెతికే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌లో చేరాను.

ఆపినంత మాత్రాన లెక్క పోదండీ. టాస్కు, అంటే ప్రాజెక్టు పంపిన ఒక్కో లెక్క ముక్క, మెమరీలోంచి బయటికి వెళ్తేనే నష్టం. ప్రతి టాస్కూ తాను ఎక్కడిదాకా వచ్చిందో అప్పుడప్పుడూ డిస్కులో రాసుకుంటుంది. అదే చెక్‌పాయింట్. కంప్యూటర్ ఆరిపోతే అక్కడి నుంచే మళ్ళీ మొదలవుతుంది, ఆ చెక్‌పాయింట్ తర్వాత అప్పటిదాకా చేసినదంతా వృథా. సెట్టింగుల్లో 60 సెకన్లు అని కనిపిస్తుంది కానీ దాన్ని నమ్ముకోకండి. అంతకన్నా తరచుగా రాయవద్దని చెప్పే హద్దు అది, నిమిషానికోసారి రాస్తుందన్న హామీ కాదు. టాస్కును ఎంచుకుని 'ప్రాపర్టీస్' నొక్కితే, చివరి చెక్‌పాయింట్ తర్వాత ఎంత ప్రాసెసర్ సమయం గడిచిందో తెలుస్తుంది. కంప్యూటర్ కట్టేసే ముందు నేను చూసేది ఆ ఒక్క అంకెనే.

కంప్యూటింగ్ ప్రిఫరెన్సుల్లో, డిస్కు-మెమరీ పేజీలో, ఆపిన టాస్కులను మెమరీలోనే ఉంచమనే గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టండి. ఇక ఎన్నిసార్లు ఆపినా ఆగిన చోటు నుంచే సాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే టాస్కులకు మాత్రం ఇది వర్తించదు. ర్యామ్ 4 జీబీ అయితే క్లాసు నత్తనడక నడుస్తుంది కాబట్టి అప్పుడు టిక్కు వద్దు.

క్లాసు కోసం చేత్తో ఆపాలంటే టాస్క్‌బార్ మూలనున్న బోయింక్ బొమ్మపై కుడి క్లిక్ చేసి 'స్నూజ్' నొక్కండి. గంట తర్వాత దానంతటదే మొదలవుతుంది. అంతకన్నా నాకు నచ్చేది ఆప్షన్స్‌లోని 'ఎక్స్‌క్లూజివ్ అప్లికేషన్స్'. అందులో జూమ్‌ను చేరిస్తే అది తెరిచి ఉన్నంతసేపూ బోయింక్ ఆగుతుంది, మూయగానే కదులుతుంది. క్లాసు బ్రౌజర్‌లో జరిగేట్టయితే ఈ పద్ధతి వద్దు. ఇంట్లో బ్రౌజర్ ఎప్పుడు మూస్తారు గనుక!

మళ్ళీ కదలకపోవడానికి కారణం దాదాపుగా ఇదై ఉంటుంది: యాక్టివిటీ మెనూలో 'సస్పెండ్' పెడితే, కంప్యూటర్ తిరిగి ఆన్ చేసినా అది అలాగే ఉంటుంది. 'రన్ బేస్డ్ ఆన్ ప్రిఫరెన్సెస్'కు మార్చండి. టాస్కుల పట్టికలో ఒక్కొక్కదాన్నీ ఆపే అలవాటుంటే మానుకోండి. ఒక్క టాస్కును అలా ఆపి మరిచిపోయినా ఆ ప్రాజెక్టు నుంచి కొత్త పని అడగదు.

కరెంటు సంగతి వేరు. 'బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆపు' అనే సెట్టింగు ల్యాప్‌టాప్‌కు చక్కగా పనిచేస్తుంది. డెస్క్‌టాప్‌కు మాత్రం కరెంటు పోయిందన్న సంగతే తెలియదు, ఇంటి ఇన్వర్టర్ నుంచి వచ్చేదీ మామూలు కరెంటే అనుకుంటుంది. యూఎస్‌బీ తీగతో కలిపిన యూపీఎస్‌ను విండోస్ బ్యాటరీగా గుర్తిస్తే సరే, లేకపోతే మీరే లేచి స్నూజ్ నొక్కాలి. ప్రాసెసర్‌లోని అన్ని కోర్లూ (లెక్కలు చేసే భాగాలు) నిండుగా పనిచేస్తుంటే ఇన్వర్టర్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. మే నెల రాత్రి మనకు పల్సార్ల కంటే ఫ్యానే ముఖ్యం.

ఎండాకాలంలో నేను రోజువారీ షెడ్యూలులో రాత్రి వేళలు మాత్రమే ఇస్తాను, కోర్లు సగానికి తగ్గిస్తాను. పక్కనే ఉండే ప్రాసెసర్ సమయం శాతాన్ని తగ్గించడం నాకు నచ్చదు. అది క్షణక్షణం ఆపి నడుపుతుంది, ఫ్యాను చప్పుడు పెరుగుతూ తగ్గుతూ చికాకు పెడుతుంది.

కొన్నాళ్ళు ఊరెళ్తుంటే ముందే ప్రాజెక్టుల పేజీలో 'నో న్యూ టాస్క్స్' నొక్కి, చేతిలో ఉన్నవి పూర్తికానివ్వండి. ప్రతి టాస్కుకూ గడువు ఉంటుంది, మీరు ఆపి ఉంచినా అది ఆగదు. గడువులోగా కాదని తేలిన వాటిని 'అబార్ట్' నొక్కి రద్దు చేసి, 'అప్‌డేట్' నొక్కి సర్వర్‌కు తెలియజేయండి. గడువు దాటేదాకా చూడకుండా సర్వర్ ఆ పనిని వేరొకరికి పంపుతుంది.